ప్లాటు అమ్మేముందు పేరు నిలబెట్టుకోవడం ఎలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు పనుల వల్ల విజయనగరం, శ్రీకాకుళం రెండు జిల్లాల్లోనూ రియల్ ఎస్టేట్‌లోకి దిగాలనుకునేవాళ్లు బాగా పెరిగారు, అందులోనూ దిగకముందే సోషల్ మీడియాలో పేరు తెచ్చుకోవాలనే ఆత్రం కనిపిస్తోంది. ఆ ఉత్తరాల్లోంచి నాలుగు తీసుకున్నాను. మొదటి దానికి జవాబు పెద్దదైంది, మిగతావాళ్లు కూడా దాన్ని చదివాకే వాళ్ల జవాబు చదవండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. బీకాం చదివి విజయనగరంలో ఒక మొబైల్ షాపులో పనిచేస్తున్నాను. ఇంకో ఆరు నెలల్లో మానేసి రియల్ ఎస్టేట్‌లోకి వెళ్దామనుకుంటున్నానండి. ఈలోపే పర్సనల్ బ్రాండ్ అంటారు కదా, అది తయారు చేసుకోవాలని ఉంది. నా ఫ్రెండేమో కారు అద్దెకు తీసుకో, కోటు వేసుకో, 'భోగాపురంలో రేపటితో ఆఫర్ క్లోజ్' అని రీల్స్ పెట్టు, ఫాలోవర్లను కొనుక్కో అంటున్నాడు. మా నాన్నగారు మాత్రం ముందు పని నేర్చుకో, పేరు దానంతట అదే వస్తుంది అంటారు. నా దగ్గర పదిహేను వేలు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, నెల్లిమర్ల మండలం

జవాబు: బాబూ, మీ నాన్నగారు చెప్పింది సగం నిజం. పని నేర్చుకుంటే పేరు వస్తుంది గానీ, నేర్చుకుంటున్న సంగతి నలుగురి కంటా పడకపోతే ఆ పేరు రావడానికి ఏళ్లు పడుతుంది. మీ ఫ్రెండు మాట మాత్రం పూర్తిగా పక్కన పెట్టేయండి. విజయనగరం ఎంత ఊరు చెప్పండి? గంటస్తంభం దగ్గర టీ తాగేవాళ్లలో ఎవరో ఒకరు మీ మేనమామను ఎరిగే ఉంటారు. నిన్నటిదాకా ఫోన్లకు టెంపర్డ్ గ్లాస్ అతికించిన కుర్రాడు ఇవాళ కోటు వేసుకుని పెద్ద కారు దిగాడంటే ఆ కారు ఎవరిదో, రోజుకు అద్దె ఎంతో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. ఆ తర్వాత మీరు నిజం చెప్పినా జనం సగమే నమ్ముతారు.

మన దగ్గర ప్లాటు కొనేది ఎవరో ఒకసారి ఆలోచించండి. సెలవు మీద వచ్చిన జవాను, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ టీచరు, హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేసుకుంటూ ఊరి దగ్గర ఓ జాగా ఉండాలనుకునే కుటుంబం. వాళ్లు తెచ్చేది ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు, కొన్నిసార్లు ఆడవాళ్ల మెడలో బంగారం తాకట్టు పెట్టిన డబ్బు. ఇది జిరాయితీయా (సొంత పట్టా భూమి), డి-పట్టానా (ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి), గెడ్డ పోరంబోకా (వాగు కింద ఉండే ప్రభుత్వ భూమి), రేపు ఎవరైనా వచ్చి ఈ భూమి మాది అంటారా, లేఔట్‌కి అప్రూవల్ ఉందా, రాత్రిళ్లు వాళ్లకు పట్టే టెన్షన్ ఇదీ. ఆ టెన్షన్ తీర్చగల మనిషి ఫలానా అని మీ పేరు వినబడితే, మన పనిలో బ్రాండ్ అంటే అంతే, అంతకు మించి ఏమీ లేదు. కోటు, కారు, డ్రోన్ షాట్లు, వెనకాల మ్యూజిక్కు, ఇవేవీ ఆ టెన్షన్‌ని రవ్వంత కూడా తగ్గించవు.

కాబట్టి మొదట ఏరియాను కుదించుకోండి. విశాఖ నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ ప్లాటైనా చూపిస్తాం అనే ఫ్లెక్సీలు హైవే పొడుగునా ఉన్నాయి, వాటిలో ఒక్క పేరు మీకు గుర్తుందా? మీది నెల్లిమర్ల మండలం, పక్కనే డెంకాడ, అది దాటితే భోగాపురం. ఈ మూడూ చాలు, మొదట్లో రెండైనా చాలు. ఆదివారం బండి మీద ఊరూరూ తిరగండి. చంపావతి పొంగినప్పుడు నీళ్లు ఎంతదాకా వస్తాయి, ఏ గెడ్డ ఏ లేఔట్ పక్కనుంచి పోతుంది, ఏ ఊళ్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, రాత్రి తొమ్మిది తర్వాత ఆ రోడ్డులో ఆటో దొరుకుతుందా, ఇవి రాసుకోండి. ఊళ్లో పెద్దమనుషులతో కూర్చుంటే ఏ భూమి ఎవరిదో నాలుగు తరాలు చెబుతారు. మనది సంస్థానం ఏలిన ప్రాంతం, ఈనాం (పూర్వం దానంగా ఇచ్చిన) భూములు, మాన్సాస్ (విజయనగరం రాజకుటుంబం పెట్టిన ట్రస్టు) భూములు, దేవస్థానం భూములు జిరాయితీ చెక్కల పక్కపక్కనే ఉంటాయి. గట్టు ఇవతల కొనొచ్చు, అవతల కొనకూడదు అనే పరిస్థితి. అది తెలిసిన మనిషికే ఇక్కడ విలువ.

రెండోది కాగితాలు. ఆరు నెలలు టైముంది అంటున్నారు కదా, అందులో మొదటి రెండు నెలలు వీడియోలు, పోస్టులు ఏమీ పెట్టకుండా కాగితాలు చదవడం నేర్చుకోండి. మీ సొంత పొలం, మీ చుట్టాల పొలం తీసుకుని మొదలుపెట్టండి. ప్రభుత్వ 'మీ భూమి' వెబ్‌సైట్లో అడంగల్ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే రికార్డు), వన్-బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చెప్పే రికార్డు) తీయండి, వాటిలో పేరు పాస్‌బుక్‌లో పేరుతో సరిపోయిందో లేదో చూడండి. 2020 చివర్లో మొదలైన రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబరు పోయి ఎల్పీఎం నంబరు (కొత్త కొలతల ప్రకారం ఆ చెక్కకు ఇచ్చిన నంబరు) వచ్చింది, పాత దస్తావేజులో ఉన్నది ఒకటి, ఇప్పటి రికార్డులో ఉన్నది ఇంకొకటి, ఆ రెండింటినీ కలిపి చూడటం చాలామంది బ్రోకర్లకే రాదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద ఉన్న, రిజిస్టర్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో సర్వే నంబరు వెతకడం నేర్చుకోండి. అసైన్డ్ భూముల మీద 1977 నాటి చట్టం ఉంది, దానికి తర్వాత సవరణలు వచ్చాయి, అందుకని 'పక్కది అమ్మారు కాబట్టి ఇదీ అమ్మొచ్చు' అనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి, ఏ నంబరుకు ఆ నంబరే చూడాలి. పార్వతీపురం దాటి గుమ్మలక్ష్మీపురం, సీతంపేట వైపు ఏజెన్సీ (గిరిజన ప్రాంత) భూములకైతే 1/70 చట్టం అడ్డు, గిరిజనేతరులు కొనడం కుదరదు, చవగ్గా వస్తోందని ఆశపడేవాళ్లకు ఈ ఒక్క ముక్క ముందే చెప్పినా వాళ్లు మిమ్మల్ని జన్మలో మరిచిపోరు.

ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా, దాని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ పేరు నిలబెట్టేదీ అదే, పోగొట్టేదీ అదే. ఆన్‌లైన్‌లో 1983 నుంచీ లావాదేవీలు కనిపిస్తాయి, అంతకుముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఈసీ చేతికి రాగానే చాలామంది ఆఖరి వరస చూసి, అమ్మేవాడి పేరుంది, ఓకే, అంటారు. అలా కాదు. కిందనుంచి పైకి చదువుకుంటూ పోండి. ఇవాళ అమ్ముతున్నాయన ఎవరి దగ్గర కొన్నాడు, ఆ మనిషికి ఎలా వచ్చింది, కొనుగోలా, పంపకమా, గిఫ్టా, వీలునామానా. మధ్యలో ఎక్కడైనా తనఖా అని కనిపిస్తే, దాని తర్వాత విడుదల దస్తావేజు ఉందా లేదా వెతకండి, లేదంటే బ్యాంకు అప్పు తీరిందో లేదో కనుక్కోవాలి. తర్వాత హద్దులు. తూర్పున ఫలానావారి జాగా అని 1995 దస్తావేజులో ఉండి, 2015 దస్తావేజులో అదే తూర్పున రోడ్డు అని ఉంటే ఆ రోడ్డు ఎప్పుడు వచ్చింది, ఎవరిచ్చారు? విస్తీర్ణం చూడండి, తండ్రి కొన్నది 40 సెంట్లు, కొడుకులిద్దరూ అమ్మినవన్నీ కలిపితే 46 సెంట్లు అయితే ఆ ఆరు సెంట్లు ఎక్కడినుంచి వచ్చాయి? సెంటుకు 48.4 గజాలు, ఆరు సెంట్లంటే దాదాపు 290 గజాలు, ఒక మంచి ఇంటి జాగా. గొడవలన్నీ ఇలాంటి చోటే పుడతాయి. ఇంకో సంగతి, ఈసీలో రిజిస్టర్ అయినవే వస్తాయి, తెల్లకాగితం మీద రాసుకున్న అగ్రిమెంట్లు, ఇంట్లో ఆడపిల్లల వాటా తగాదాలు అందులో కనిపించవు. అవి ఊళ్లో అడిగితేనే తెలుస్తాయి.

మూడో నెల నుంచి మీకు తెలిసినది జనానికి చెప్పడం మొదలుపెట్టండి. అమ్మకం మాట ఎత్తొద్దు. వారానికి ఒకటో రెండో చిన్న వీడియోలు, మీ ఫోన్‌తోనే. ఒక లేఔట్ ముందు నిలబడి, టేపు పట్టుకుని రోడ్డు వెడల్పు కొలిచి చూపించండి, ప్లానులో 40 అడుగులు అని ఉంటే అక్కడ నిజంగా ఎంత ఉందో. వాన పడిన మర్నాడు పొద్దున్నే వెళ్లి నీళ్లు ఎక్కడ నిలిచాయో చూపించండి, ఆ ఒక్క వీడియోకి వచ్చినంత నమ్మకం డబ్బులు పెట్టి బూస్ట్ చేసిన పది రీల్స్‌కి రాదు. లేఔట్ వేసినాయన కొన్ని ప్లాట్లు అప్రూవల్ ఇచ్చే సంస్థకు తనఖా పెడతాడని, రోడ్లు, కాలవలు పూర్తయితేనే అవి విడుదలవుతాయని, కొనేముందు మీ ప్లాటు నంబరు ఆ తనఖా ప్లాట్లలో ఉందేమో అడగండని చెప్పండి. పార్కు స్థలం పంచాయతీకి గిఫ్ట్ డీడ్ చేశారా లేదా ఎలా తెలుసుకోవాలో చెప్పండి. ఎయిర్‌పోర్టు దగ్గర కట్టడాల ఎత్తుకు పరిమితులు ఉంటాయని, ఐదంతస్తులు వేద్దామని జాగా కొనేవాళ్లు అనుమతి గురించి ముందే కనుక్కోవాలని చెప్పండి. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో సముద్రం పక్కనే ప్లాటు అంటూ ఊరించేవాళ్లున్నారు, తీర ప్రాంత నిబంధనల ప్రకారం గ్రామీణ తీరంలో చాలాచోట్ల పోటు గీత (పోటు సమయంలో నీళ్లు చేరే హద్దు) నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు వీలుండదని చెప్పండి. రాజాం వైపు వాళ్లకైతే పాత దస్తావేజుల్లో శ్రీకాకుళం జిల్లా అని, 2022 ఏప్రిల్ తర్వాతవాటిలో విజయనగరం జిల్లా అని ఎందుకుంటుందో చెప్పినా పనికొస్తుంది. చూశారా, కూర్చుంటే ఏడాదికి సరిపడా సరుకు మన మండలాల్లోనే ఉంది. ఎక్కడో హైదరాబాదు వాళ్ల వీడియో చూసి కాపీ కొట్టాల్సిన పని లేదు.

ఒక జాగ్రత్త. ఎవరి లేఔట్‌నీ పేరు పెట్టి తిట్టకండి. రోడ్డు ఇరుకుగా ఉంది అని కొలిచి చూపించడం వేరు, ఫలానా వాళ్లు మోసగాళ్లు అనడం వేరు. రెండోది మిమ్మల్ని కోర్టు చుట్టూ తిప్పుతుంది, పైగా రేపు అందరితోనూ పనిపడే వృత్తి ఇది.

ఇక చట్టం సంగతి. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, 2016లో వచ్చిన రెరా, ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఔట్ అయినా, ఎనిమిది ఫ్లాట్లు మించిన అపార్ట్‌మెంట్ అయినా రెరాలో నమోదు కావాలి. అలాంటి ప్రాజెక్టుల్లో ప్లాటు అమ్మిపెట్టే ఏజెంటు కూడా విడిగా నమోదు చేసుకోవాలి. చేసుకోకుండా అమ్మితే రోజుకు 10,000 రూపాయల చొప్పున జరిమానా, అది ఆ ప్లాటు విలువలో 5 శాతం దాకా పెరగొచ్చు. నమోదుకు ముందు పాఠాలు చెప్పండి, ఎవరూ కాదనరు. కానీ 'ఈ వెంచర్‌లో ప్లాటు కావాలంటే నాకు కాల్ చేయండి' అన్న మరుక్షణం మీరు ఏజెంటు అయిపోయినట్టే. రైతు పొలం, పాత ఇల్లు రీసేల్ లాంటివి చూపించడానికి ఆ నమోదు తప్పనిసరి కాకపోయినా, తీసుకోమనే నా సలహా. మీ పదిహేను వేలలో ముందు పక్కన పెట్టాల్సింది ఆ ఫీజే. నంబరు వచ్చాక మీ కార్డు మీద, ప్రొఫైల్‌లో, ప్రతి పోస్టు కింద అది ఉండాలి. మన రెండు జిల్లాల్లో కార్డు మీద రెరా నంబరు ఉన్న మధ్యవర్తిని చూసి కొనేవాళ్లు తలెత్తి రెండోసారి చూస్తారు.

మిగతా డబ్బుతో ఏం చేయాలి అంటే, ఒక మంచి కాలర్ మైకు, ఒక పొడుగు టేపు, పెట్రోలు. అంతే. మీ పేరు, ఒకే ఫోటో, ఒకే నంబరు అన్నిచోట్లా ఒకేలా ఉంచండి, వాట్సాప్ బిజినెస్, యూట్యూబ్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ ఎక్కడైనా సరే. రేపు ఏదైనా కంపెనీలో చేరినా ఆ నంబరు, ఆ పేజీ మీవిగానే ఉండాలి, కంపెనీ సిమ్ మీద పేరు కట్టుకుంటే కంపెనీ మారిన రోజు సున్నా నుంచి మొదలుపెట్టాలి. ఫాలోవర్లను కొనే మాట మరిచిపోండి, డెంకాడలో ప్లాటు కొనే మనిషి మీ లెక్కలో ఉండాలి గానీ ఎక్కడో ముక్కూమొహం తెలియని ఖాతాలు పది వేలుంటే ఏం లాభం?

మీరు మొబైల్ షాపులో పనిచేయడం ఈ ఆరు నెలలూ మీకు పెద్ద అండ. రోజూ ఎంతమంది వస్తారు! ఈ ఛార్జర్ వద్దండి, ఇది నాలుగు నెలలకే పోతుంది, ఆ చవకది చాలు మీకు అని మీరు చెప్పిన కస్టమర్ రేపు మీ మాట మీద ప్లాటు చూడటానికి వస్తాడు. అయితే షాపు రికార్డులోంచి వాళ్ల నంబర్లు ఎక్కించుకుని మెసేజ్‌లు పెట్టడం మాత్రం చేయకండి. అది మీ ఓనరుకు ద్రోహం, కస్టమర్‌కూ చిరాకు. అడిగినవాళ్లకు మాత్రమే మీ ఛానల్ చూపించండి.

చివరిగా, వద్దు అని చెప్పడం అలవాటు చేసుకోండి. ఎవరైనా కాగితాలు తెచ్చి చూడమంటే చూసి, లోపముంటే ఇది కొనకండి అని ముఖం మీదే చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి, పైసా అడగకండి. లాయరు చూడాల్సినది అయితే లాయరు దగ్గరకే పంపండి. పని మొదలయ్యాక కమీషన్ ఎంతో బేరం మొదట్లోనే చెప్పేయండి, రెండువైపులా తీసుకునేట్టయితే రెండువైపులా చెప్పండి, బ్యాంకు ద్వారానే తీసుకోండి. 'ఆ కుర్రాడు నన్ను ప్లాటు కొనొద్దన్నాడు' అనే మాట మన ఊళ్లలో పెళ్లి భోజనాల దగ్గర ఎంత దూరం వెళ్తుందో మీరే చూస్తారు.

ప్రశ్న: నేను గృహిణిని, డిగ్రీ చదివాను, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇళ్లు, స్థలాలు చూపించే పని నేర్చుకోవాలని ఉందండి. వీడియోల్లో నా ముఖం, ఫోన్ నంబరు పెడితే బాగోదని అత్తవారింట్లో అభ్యంతరం. ముఖం చూపించకుండా పేరు వస్తుందా? ముక్కూమొహం తెలియని మగవాళ్లతో సైటుకు వెళ్లడం గురించి కూడా భయంగానే ఉంది.
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: అమ్మా, ముఖం చూపించకుండా కూడా మొదలుపెట్టొచ్చు. చేయి, కాగితం, గొంతు చాలు. అడంగల్ టేబుల్ మీద పెట్టి వేలు పెట్టి చూపిస్తూ వివరించే వీడియోలో మీ ముఖంతో పనే లేదు. కానీ ఏదో ఒక రోజు మనిషిని చూసే నమ్ముతారు, అప్పటికి ఇంట్లోవాళ్లు మీ పని చూసి మెత్తబడతారు, ముందే పోట్లాడకండి. పనికి విడిగా ఒక సిమ్ పెట్టుకోండి, దాని ప్రొఫైల్ ఫోటోలో పిల్లలు ఉండకూడదు, కాల్స్ తీసుకునే టైము కూడా అందులోనే రాసి ఉంచండి.

సైటు విషయంలో మొహమాటం అసలు వద్దు. మొదటిసారి కలవడం ఎప్పుడూ జనం తిరిగే చోటే, ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, ఆఫీసులోనో. వాళ్ల బండి ఎక్కకండి, మీ బండి మీద మీరు, వాళ్లది వాళ్లు. పగలే వెళ్లండి, ఇంట్లో ఒకరికి లైవ్ లొకేషన్ పెట్టండి. 'ఇంట్లో ఆడవాళ్లను కూడా తీసుకురండి, వంటిల్లు ఎటువైపు పెట్టుకోవాలో వాళ్లే చెప్పాలి కదా' అనండి, నిజంగా కొనేవాళ్లు సంతోషంగా తీసుకొస్తారు, రానివాళ్ల సంగతి అక్కడే తేలిపోతుంది.

మీకున్న పెద్ద బలం ఇంకోటుంది. జాగా భార్య పేరున రిజిస్టర్ చేయించే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు, కానీ ఆ ఇల్లాలికి కాగితంలో ఏముందో చెప్పేవాళ్లే లేరు. సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తారు, అంతే. దస్తావేజు చదివి వినిపించే ఆడమనిషిగా మీరు నిలబడితే ఆమదాలవలస, పొందూరు, బూర్జ వైపు మీకు పోటీయే ఉండదని నా గట్టి నమ్మకం. డ్వాక్రా సంఘాల్లో మీకు పరిచయాలు ఉండే ఉంటాయి, అక్కడ కాగితాల గురించి చెప్పండి, ప్లాట్లకు అడ్వాన్సులు మాత్రం సంఘంలో వసూలు చేయకండి. అప్పు తెచ్చి మీ మాట మీద కట్టేస్తారు, వెంచర్ ఆగిపోతే సంఘమంతా మీ గుమ్మం ముందుంటుంది.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఒక వెంచర్ మార్కెటింగ్ కంపెనీలో ఈమధ్యే చేరాను. ఇంకా రెరా నంబరు రాలేదు, ప్రీ-లాంచ్ రేటు అని చెప్పి నా ఫోటో, నా పేరుతో స్టేటస్‌లు, రీల్స్ పెట్టమంటున్నారు. 'నీ బ్రాండే పెరుగుతుంది' అంటున్నారు. పెట్టనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: పెట్టకండి. రెరాలో నమోదు కాకముందు ఆ ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ చట్టవిరుద్ధమే, ప్రీ-లాంచ్ అని పేరు మార్చినంత మాత్రాన మారదు. కంపెనీకి పడే జరిమానా ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా ఉంటుంది. ఏజెంటు తప్పుడు ప్రకటనలు చేయకూడదని అదే చట్టంలో విడిగా ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటనలో కనిపించిన మనిషి మీద కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, ఏడాది దాకా ప్రచారాలు చేయకుండా నిషేధించొచ్చు.

చట్టం పక్కన పెట్టినా ఒకటి ఆలోచించండి. డబ్బు కట్టేవాళ్లు ఆ కంపెనీ ఎండీని ఎప్పుడూ చూడరు, వాళ్లకు కనబడేది మీ ఫోటో. పాలకొండ రోడ్డులో ఆఫీసు బోర్డు ఒక రాత్రిలో తీసేయొచ్చు, మీ ఇల్లు ఎక్కడికి తీసుకెళ్తారు? మీ బావగారు, మీ టీచరు, మీతో టెన్త్ చదివినవాళ్లు, వీళ్లే మొదట కట్టేది. అలా కట్టి ఇరుక్కున్నవాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది, వాళ్లలో చాలామంది తిట్టేది కంపెనీని కాదు, చేర్పించిన చుట్టాన్ని.

కంపెనీతో మర్యాదగానే చెప్పండి, రెరా నంబరు, లేఔట్ ఎల్పీ నంబరు (అప్రూవల్ నంబరు) వచ్చాక నా పేరుతోనే పెడతానండి, అప్పటిదాకా సైటు పనులు, కాగితాల పనులు చేస్తాను అని. ఒప్పుకోకపోతే అక్కడ నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు. ఇప్పటికే పెట్టేసిన స్టేటస్‌లు ఏవైనా ఉంటే తీసేయండి, అడ్వాన్సు కట్టినవాళ్లెవరైనా ఉంటే వాళ్ల రసీదులు, బ్యాంకు వివరాలు జాగ్రత్త చేసుకోమని మీరే ఫోన్ చేసి చెప్పండి. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదని చట్టంలో ఉంది, అదీ చెప్పండి.

ప్రశ్న: వీడియోల్లో మన యాస వస్తోందని మా అబ్బాయి నవ్వుతున్నాడు. టీవీలో మాట్లాడినట్టు మాట్లాడాలా? నాకు 60 దాటాయి, రిటైర్డ్ టీచరుని, ఈ వయసులో మొదలుపెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: మాస్టారూ, మన యాసలోనే మాట్లాడండి. మీ వీడియో చూడాల్సింది రాజాం, చీపురుపల్లి, పాలకొండ వాళ్లు, వాళ్లకు టీవీ భాషలో చెబితే ఎవరో అమ్మడానికి వచ్చినట్టుంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, రేటు మాత్రం నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి, కింద అక్షరాల్లో కూడా వేయించండి, ఆ పని మీ అబ్బాయికే అప్పజెప్పండి.

వయసు అడ్డం కాదు. మీ దగ్గర చదువుకున్న పిల్లలు ఇవాళ ఎక్కడెక్కడ ఉన్నారో లెక్కేస్తే మీ పేరు సగం కట్టి ఉన్నట్టే. కాకపోతే ఆ పిల్లలకు ఫోన్ చేసి ప్లాటు కొనమని అడగడం మాత్రం మొదటి ఏడాది చేయకండి. ముందు వాళ్ల తల్లిదండ్రుల పొలం కాగితాలు సరిచేయడానికి సాయం చేయండి. తండ్రి పోయాక పాస్‌బుక్కులో పేరు మారని ఇళ్లు మీ వీధిలోనే ఉంటాయి. ఊరికి దూరంగా ఉన్న కొడుకులకు దానికి ఏం కావాలో, సచివాలయంలో ఎవరిని కలవాలో తెలియదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం నుంచి మొదలుపెట్టి మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) దాకా ఏ కాగితం తర్వాత ఏది కావాలో ఒక వీడియోలో చెప్పండి. మొదటి వీడియోకి అంతకంటే మంచి విషయం నాకు తోచడం లేదు.